తెరచాపల కాలమున బందరు రేవు

కొన్ని సంవత్సరముల క్రిందట, నేను ఉద్యోగములో నున్న రోజులలో, తణుకునుండి కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని మచిలీపట్టణమునకు పోయితిని. జనులు ఆ పట్టణమును బందరు అందురు. పట్టణములో డచ్చివారి సమాధులను చూచితిమి. పిమ్మట ఊరికి వెలుపలనున్న బందరుకోటకు పోయి, పాడుపడిన పాత కట్టడముల నడుమ కొంతసేపు తిరిగితిమి. ఎండ మెండుగా నుండెను. ఎటు చూచినను బురదనేల, ఉప్పునీటి పాయలు, మడచెట్లు. అప్పుడొక బాలుడు నా ప్రక్కకు వచ్చి, "మాస్టారూ! ఇంగ్లీషువారు, డచ్చివారు, ఫ్రెంచివారు అందరూ ఓడలలో ఇక్కడికే వచ్చారని చెప్పారు కదండీ. ఇక్కడ మోకాలిలోతు బురద తప్ప ఏమీ లేదు. అంతంత ఓడలు ఎక్కడ నిలిచాయండీ?" అని యడిగెను.

ప్రశ్న చిన్నదే, జవాబు మాత్రము చిన్నది కాదు. ఆనాడు ఎండలో నిలిచి నాకు తోచినది చెప్పితిని. కాని ఆ జవాబుతో బాలునకు తృప్తి కలుగలేదు; నాకును కలుగలేదు. తరువాత నేను చదివి, ఆలోచించి కూర్చుకొనిన జవాబే ఈ పాఠము.

మన తణుకు సముద్రతీరమున లేదు. అయినను నీటిదారి మనకు క్రొత్త కాదు. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టుట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. దాని వెంట త్రవ్విన పెద్ద కాలువలు పొలములకు నీరిచ్చుటకే కాక, పడవలు నడచుటకును పనికివచ్చునట్లు ఏర్పడినవి. కాలువ మట్టము ఒక్కసారిగా దిగు చోట్ల లాకులు కట్టిరి. లాకు అనగా నీటితో చేసిన మెట్టు. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపినచో పడవ పైకి లేచును. నీటిని వదలినచో క్రిందికి దిగును. ఈ ఏర్పాటువలన తణుకులో ఎక్కిన బియ్యపు బస్తా, కాలువనుండి కాలువకు మాఱుచు, తాడేపల్లిగూడెము, ఏలూరు మీదుగా బెజవాడ చేరి, అచటినుండి బందరు కాలువలో దిగి, నేల త్రొక్కకుండ బందరు చేరగలిగెడిది.

నేను మీ వయస్సువాడనై యున్నపుడు, కాలువలలో ఆ పడవలు కొన్ని యింకను తిరుగుచుండెను. ధాన్యము, ఎండుగడ్డి, ఇటుకలు నింపుకొని వచ్చెడివి. గాలి అనుకూలించినపుడు పడవవాడు తెరచాప ఎత్తి, చుక్కాని పట్టుకొని, తీరికగా కూర్చుండెడివాడు. గాలి యెదురు తిరిగినపుడు తెరచాప దింపి, ఇద్దఱు మనుష్యులు గట్టుమీద వంగి నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. గాలి యున్నచో గడియలలో ముగియు ప్రయాణము, లేనిచో పూటంతయు సాగుచుండెను. తెరచాప పడవకు గాలియే ఎద్దు, గాలియే మేత అని నాకు ఆనాడే తెలిసినది.

కాలువకు గట్టున్నది. గాలి లేకున్నను త్రాడు పట్టి లాగువారున్నారు. సముద్రమునకు గట్టు ఎక్కడిది? అచట గాలి తప్ప వేఱు దిక్కు లేదు. ఆవిరియంత్రములు లేని ఆ కాలమున ఓడ ఎప్పుడు బయలుదేరవలెనో, ఎప్పుడు చేరవలెనో నిర్ణయించునది యజమాని కాదు, ఋతువు. ఈ సంగతిని మనసున నుంచుకొని, మనమిపుడు నిజముగా బందరు చేరిన ఒక ఓడ వెంట పోదము.

1611వ సంవత్సరారంభమున ఇంగ్లండునుండి 'గ్లోబు' అను ఓడ బయలుదేరెను. ఆంథొని హిప్పను దానికి కప్తాను. బేరసారములు చూచుటకు పీటరు ఫ్లోరిసు, లూకాసు ఆంథ్యూనిసు అను ఇద్దఱు వర్తకులు అందులో నుండిరి. వారు హాలండు దేశస్థులు. మునుపు డచ్చి కంపెనీలో పనిచేసి ఈ దేశపు వర్తకమును ఎఱిగినవారు. ఓడ ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొనను చుట్టి, సింహళమును దాటి, ఆగస్టు నెలలో మన తూర్పుతీరమును చేరెను. మొదట పులికాటులో దిగజూచిరి. కాని అక్కడ పాతుకొనియున్న డచ్చివారు వారిని వర్తకము చేయనీయలేదు. గ్లోబు ఉత్తరముగా సాగి, ఆ నెల చివఱకు బందరు రేవున లంగరు దించెను. ఇంగ్లండు విడిచిన పిమ్మట అప్పటికి సుమారు ఏడు నెలలు గడచినవి.

ఆగస్టులో వారు రాగలుగుట యాదృచ్ఛికము కాదు. జూనునుండి సెప్టెంబరు వఱకు మన సముద్రముపై నైరృతి గాలి వీచును. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవు ఓడకు అది వెన్నుదట్టు గాలి. అక్టోబరు తరువాత గాలి తిరిగి ఈశాన్యమునుండి వీచును. ఋతువును బట్టి తిరుగు ఈ గాలులను ఐరోపావారు 'మాన్సూను' అందురు. అరబ్బీ భాషలో ఋతువు అను అర్థమిచ్చు 'మౌసిమ్' అను పదమే దానికి మూలము. మన రైతు ఏ కార్తెలో ఏ పని చేయవలెనో ఎఱిగినట్లే, బందరు నావికుడు ఏ నెలలో ఏ దేశమునకు తెరచాప ఎత్తవలెనో ఎఱిగియుండెను. పెగూ, అరకాను మొదలగు తూర్పుదేశములకు పోవు ఓడలు సెప్టెంబరులో బయలుదేరి, మఱుసటి వేసవి నాటికి తిరిగి వచ్చెడివి. ఎఱ్ఱసముద్రపు తీరమందలి మోఖా రేవునకు పోవునవి జనవరిలో బయలుదేరి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో తిరిగి చేరెడివి. అదను తప్పిన ఓడ నెలల తరబడి గాలికొఱకు కాచుకొనవలసినదే.

ఇప్పుడు గ్లోబు ఓడపై నిలిచి తీరమును చూడుడు. కొండ లేదు; రాతిగట్టు లేదు. పలుచని పచ్చగీత వలె నేల కనబడుచున్నది. ఓడ ఇంకను ముందుకు పోయినచో అడుగు బురదలో దిగబడును. అందుచేత తీరమునకు ఐదారు మైళ్ల దూరముననే లంగరు వేయవలెను. మా విద్యార్థి వెదకిన ఓడలు నిలిచిన చోటు అదియే. అవి ఒడ్డున నిలువలేదు; కనుచూపు మేర దాటిన నీటిలో నిలిచినవి. ఓడలు లోతునీటిలో లంగరు వేసి నిలుచు ఇట్టి చోటు గోడలు లేని రేవు. అయినను దక్షిణమున దివిసీమ కొన సముద్రములోనికి చొచ్చుకొని యుండుటచేత, నైరృతి గాలి కాలమున ఓడలకు ఇచట కొంత చాటు లభించెడిది.

ఓడకును ఒడ్డునకును నడుమ సరకులను చేర్చినవి మన దేశపు చిన్న పడవలు. ఈ తూర్పుతీరమున వాడిన మసూలా పడవలో ఇనుప మేకులుండవు. పలకలను కొబ్బరినార త్రాటితో కుట్టి దానిని కట్టుదురు. మేకులు కొట్టిన పడవ ఇసుకను తాకినపుడు బిగుసుకొని పగులును. కుట్టిన పడవ కొంచెము వంగి, దెబ్బను ఓర్చుకొనును. ఈ నేర్పు గలవారు లేనిచో, ఎంత గొప్ప ఓడ వచ్చినను దాని సరకు నీటిమీదనే యుండిపోవలసినది.

ఒడ్డు చేరిన పిమ్మట కనబడు ఊరు ఎట్టిది? 1618 మొదలు కొన్ని సంవత్సరములు అక్కడ నివసించిన విలియం మెథ్వోల్డు అను ఇంగ్లీషు వర్తకుడు దానిని గూర్చి వ్రాసెను. ఊరిచుట్టు కోటగోడ లేదట, ఇండ్లు సామాన్యములట, నెలవు అంత మంచిది కాదట, బావులలో నీరు ఉప్పగా నుండునట, అయినను జనసమ్మర్ద మధికమట. మొదట అది బీద జాలరుల పల్లె యనియు, ఓడలు నిలుచుటకు సదుపాయముండుటచే వర్తకులు చేరి వృద్ధి పొందెననియు అతడే చెప్పెను. చేపలకు సంబంధించినదే 'మచిలీ' అను పేరు. 'బందరు' అనగా పారసీక భాషలో రేవు అని యర్థము. కనుక మనము 'బందరు రేవు' అన్నపుడెల్ల 'రేవు రేవు' అనుచున్నామన్నమాట! 1673లో వచ్చిన జాన్ ఫ్రయరు అను వైద్యుడు, ఊరిని ఆనుకొనియున్న చిత్తడినేలను దాటుటకు పొడవైన కొయ్యవంతెన యుండుటను చూచెను.

ఇది యంతయు చదివినపుడు నాకొక సందేహము కలిగినది. లోతులేని నీరు, ఉప్పుబావులు, చిత్తడినేల, గోడలేని ఊరు! ఇట్టి చోటికి ఏడు నెలలు ప్రాణములకు తెగించి యెవరైన ఎందుకు రావలెను? 1652లో బందరులో దిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, పెగూ, సయాము, అరకాను, బంగాళము, సుమత్రా, మక్కా, హొర్ముజు మొదలైన దూరదేశములకు ఇచటినుండి ఓడలు పోవుచుండెనని వ్రాసియున్నాడు. అంత వ్యాపారము ఆ బురదలో ఎట్లు నిలిచినది?

మొదటి కారణము రేవులో లేదు; రేవు వెనుకనున్న పల్లెలలో నున్నది. కృష్ణా గోదావరుల నడుమ నేత యెంతో పాతది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, ఎఱ్ఱసముద్రమును దాటు నావికుల కొఱకు పేరు తెలియని యొకడు గ్రీకు భాషలో ఒక గ్రంథము వ్రాసెను. దాని పేరు 'పెరిప్లసు'. అందు ఈ సీమను 'మసాలియా' యనియు, ఇచట సన్నని నూలువస్త్రములు విరివిగా తయారగుననియు చెప్పబడినది. రెండవ శతాబ్దమున టాలమీ యను భూగోళ శాస్త్రజ్ఞుడు దీనినే 'మైసోలియా' యనెను. అతడు పేర్కొనిన ఒక వర్తకస్థానము నేటి ఘంటసాల యని పండితులు గుర్తించిరి.

పదునేడవ శతాబ్దమునాటికి బందరు ప్రాంతపు అద్దకము పేరు పొందినది. మనము కలంకారీ యని పిలుచు వస్త్రమును చేయు విధము చూడుడు. ముందు గుడ్డను ఉతికి, కరక్కాయ కషాయములోను పాలలోను ముంచి ఆఱవేయుదురు. పాలలోని జిడ్డు రంగును చెదరనీయదు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసిన ద్రవమును తగిలించినచో, కరక్కాయతో కలిసి నల్లరంగు పుట్టును. ఎఱుపు కావలసిన చోట పటిక నద్ది, తరువాత చిరివేరు మొదలగు రంగువేళ్లతో ఉడికింతురు. పటిక సోకిన చోటనే ఎఱుపు పట్టుకొనును. తక్కిన చోట నిలువదు. పిమ్మట పాఱు నీటిలో జాడించి ఎండవేయుదురు. ఇట్టి రంగు ఉతికిన కొలది తేరునే గాని వెలిసిపోదు. ఉతికినను పోని రంగుల గుడ్డ ఆనాడు ఐరోపాలో అపురూపము. తూర్పుదీవులలో మిరియములు, లవంగములు కొనదలచిన వర్తకునకు వెండికంటె ఈ గుడ్డలే ఎక్కువ పనికివచ్చెడివి. బందరుకు సమీపమున నున్న పెడనలో నేటికిని కొయ్య అచ్చులతో ఈ పని జరుగుచున్నది.

రెండవ కారణము రాజధానికి పోవు బాట. బందరు గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1591లో హైదరాబాదు నిర్మింపబడిన పిమ్మట, ఆ రాజధానినుండి బందరుకు సరకుబండ్లు, ఎడ్లమీది పెరికలు నిరంతరము సాగుచుండెను. వజ్రములు ఆ రాజ్యములోనే లభించెడివి. ఓడలు కట్టు నేర్పు మన ప్రక్కనే యుండెను. తణుకునకు దక్షిణమున గోదావరి యొడ్డున నున్న నరసాపురమును థామసు బౌరీ యను ఇంగ్లీషు నావికుడు 1669కిని 1679కిని నడుమ చూచి, అచట మంచి కలపయు, మంచి ఇనుమును, నేర్పరులైన వడ్రంగులును ఉండుటచే ఇంగ్లీషువారు సైతము ఏటేట తమ ఓడలను అక్కడ కట్టించుకొనుచున్నారని వ్రాసెను. దాని చేరువనున్న మాధవాయపాలెము పేరు ఐరోపావారి నోట 'మాడపొల్లాము' అయి, ఒకవిధమైన నూలుగుడ్డకు పేరుగా లోకమంతట వ్యాపించినది.

ఈ రెండు కారణములు చాలునా? చాలవు. మూడవది యొకటి యున్నది. అది కంటికి కనబడదు. దానిని తెలిసికొనుటకు మరల మన పీటరు ఫ్లోరిసు కథకు పోవలెను.

గ్లోబు ఓడ బందరులో కొంతకాల ముండి, తూర్పుదేశములకు పోయి, 1613 చివఱ మరల బందరుకు వచ్చెను. ఫ్లోరిసుకు ఇచట రావలసిన బాకీ లుండెను. రేవు పాలకుడు నేడు రేపని కాలము గడపుచుండెను. మీరు గాలుల సంగతి జ్ఞాపకము చేసికొనుడు. ఒడ్డుననున్నవానికి ఒక నెల ఆలస్యము ఒక నెలయే. ఓడవానికి అది సంవత్సరపు ప్రయాణమును చెఱచును. 1614 చివఱ ఫ్లోరిసు తెగించి, పాలకుని కుమారునే పట్టుకొని ఓడకు తీసికొనిపోయెను! ఆ యువకుడు బ్రాహ్మణుడు. పరుల వంట ముట్టరాదు. ఓడలో అతడు అన్నపానములు లేక యుండుట చూచి, ఫ్లోరిసుకే జాలి కలిగినదట. అతనికి బదులుగా వేఱు పెద్దమనుష్యులు ఓడలో నుండినచో అతనిని విడిచెదనని చెప్పెను. ఎవరును ముందుకు రాలేదు. కడకు పాలకుడు బాకీ తీర్చెను. కొడుకు ఇంటికి పోయెను.

ఈ కథలో ఎవరిది తప్పు? బాకీ ఎగవేయజూచుట తప్పు. తండ్రి బాకీకి కొడుకును బంధించుట అంతకంటె తప్పు. అయితే మనము గమనింపవలసినది వేఱొకటి యున్నది. సముద్రముమీద వచ్చినవాడు ఒంటరివాడు; ఒడ్డున నతనికి బంధువులు లేరు. ఒడ్డువాని మాట నిలిచినచోనే అతడు మరల వచ్చును. మాట తప్పినచో కత్తి పట్టును, లేదా వేఱు రేవు చూచుకొనును.

ఈ సత్యమును ఫ్లోరిసు కంటె సుమారు మున్నూట డెబ్బది సంవత్సరములు ముందే ఎఱిగిన తెలుగు ప్రభువు ఒకడున్నాడు. బందరుకు నైరృతి దిక్కున, ఇదే తీరమున, నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి యను పల్లె యున్నది. కాకతీయుల కాలమున అది గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అచట నొక శాసనము వేయించెను. ఆ రాతిస్తంభము మోటుపల్లి వీరభద్రాలయమున నున్నది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవు ఓడ తుపానుకు చిక్కి తమ తీరమున విఱిగిపడినచో, అందలి ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనెడివారని ఆ శాసనము ఒప్పుకొనుచున్నది. సముద్రయానమను గొప్ప సాహసము చేసి వచ్చినవారికి ధనము ప్రాణముకంటె గొప్పదని తలచి, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచితిమని రాజు అందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. మొత్తము ఇంతయని రాతిలో చెక్కించుట చేత, అధికారి తన యిష్టము వచ్చినంత అడుగుటకు వీలులేకపోయెను. గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. ఆమె రాజ్యమును, ఇచటి సాలెగూడువంటి సన్నని వస్త్రములను వెనీసు యాత్రికుడు మార్కోపోలో పొగడియున్నాడు. అతడు రాజ్యమునకు వాడిన 'ముత్ఫిలి' యను పేరు మోటుపల్లి పేరే.

ఓడ విఱిగినవానిని దోచుట సులభము. అడుగువా రుండరు. అట్టివానిని కాపాడెదనని రాతిలో చెక్కించి మాట యిచ్చుట రాజ్యమునకు గొప్పతనము. ఆ శాసనము మోటుపల్లి సముద్రమును ఒక్క అంగుళమైనను లోతు చేయలేదు. అయినను దూరదేశపు నావికునకు ఆ తీరమును దగ్గఱ చేసినది.

ఇక బందరు ఎట్లు క్షీణించినదో చూతము. బాకీల చిక్కులు, అధికారుల ఒత్తిడులు, డచ్చివారి పోటీ మొదలగు కష్టములు పడిన ఇంగ్లీషువారు తమ యధికారము చెల్లు చోటు వెదకుకొనిరి. 1639లో మద్రాసులో స్థలము సంపాదించి, 1641లో తమ ముఖ్యస్థానమును బందరునుండి అచటికి మార్చుకొనిరి. ఇచట నొక వింత యున్నది. మద్రాసు ఆనాడు బందరుకంటె చెడ్డ రేవు. కెరటములు విఱిగిపడు వట్టి యిసుక తీరము. అయినను వర్తకులు, నేతగాండ్రు అచటికి చేరిరి. రేవును నీటిలోతు మాత్రమే నిలుపదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? 1687లో ఔరంగజేబు గోలకొండను జయించుటతో బందరు వెనుకనున్న రాజధాని బలము పోయినది. ఫ్రెంచివారు 1750లో బందరును పట్టుకొనిరి. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు రాత్రివేళ ముట్టడించి వారినుండి దానిని గైకొనెను. తరువాతి శతాబ్దమున ఇంగ్లండు మరగుడ్డ వచ్చి మన మగ్గములను దెబ్బతీసెను. మాధవాయపాలెపు పేరు గల గుడ్డయే అచటి మరలలో నేయబడినది.

మనుష్యులు చేసినది ఇది. నది చేసినది మఱియొకటి యున్నది. కృష్ణా గోదావరులు ఎన్నో కొండలను కడిగి ఒండ్రుమన్ను తెచ్చును. ప్రవాహము సముద్రమును కలియగానే వేగము తగ్గును; మన్ను అడుగున దిగును. ఏటేట నేల సముద్రములోనికి పెరుగును. మన డెల్టా యంతయు ఇట్లు పుట్టినదే. రెండు నదులు రెండు వైపుల మేటలు వేయగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. తణుకు రైతు వరికంకిని చూచి మురియునట్లు చేసిన మన్నే, బందరు నావికుని లంగరును ఇంకను దూరమునకు నెట్టినది. ఒకరి చేనికి బలమైనది మఱియొకరి రేవునకు భారమైనది.

కడపటి దెబ్బ సముద్రము కొట్టినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి గొప్ప తుపాను బందరుపై విరుచుకొనిపడెను. సామాన్యమైన పోటుకంటె సుమారు 13 అడుగులు హెచ్చుగా ఉప్పెన లేచి, మైళ్ల కొలది లోనికి చొచ్చెను. పట్టణమునను చుట్టుపట్లను సుమారు ముప్పదివేలమంది మరణించిరి. నేల పల్లమగుట, తీరపునీరు లోతు తక్కువగుట ఉప్పెనకు బలము నిచ్చును. లోతు లేని చోట నెట్టబడిన నీరు దిగుటకు దారి లేక పైకి లేచును. 1977 నవంబరులో దివిసీమను ముంచినదియు ఇట్టి ఉప్పెనయే. అప్పుడును వేలకొలది ప్రజలు మరణించిరి. ఆ దుఃఖములనుండి మనము కొంత నేర్చుకొంటిమి. నేడు మచిలీపట్టణములో తుపానును దూరమునుండియే కనిపెట్టు రాడారు కేంద్ర మున్నది. ముందుగా హెచ్చరించుటయు, జనులను తరలించుటయు జరుగుచున్నవి.

1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెఱవబడెను. కొండచాటున, లోతుగా త్రవ్విన కాలువలో, పెద్ద యోడలు ఒడ్డునకే వచ్చి నిలువగలిగినవి. బందరు వెనుకబడినది. 2023లో బందరు తీరమున క్రొత్త ఓడరేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. పూర్వము ఓడ దూరమున నిలిచి పడవలను పిలిచెడిది. ఇప్పుడు యంత్రములతో బురదను తోడి ఓడకే దారి చేయుదురు. అయితే నది మన్ను తెచ్చుట మానదు. తోడుటయు మానరాదు.

తెరచాపల కాలము ముగిసినదని మీరనుకొనవచ్చును. పూర్తిగా ముగియలేదు. 2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళమునకు చెందిన ఆర్గురు మహిళలు 'తారిణి' యను తెరచాప ఓడలో గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21వ తేదీన తిరిగి చేరిరి. మొత్తము 254 దినములు. వారిలో విశాఖపట్టణమునకు చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉండిరి. త్రోవలో వారు దిగిన రేవులలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను ఒకటి. గ్లోబు ఓడ చుట్టివచ్చిన ఆఫ్రికా కొన దాపుననే ఆ పట్టణ మున్నది. పోవు ఓడలకు నీరు, కూరగాయలు అందించుటకై డచ్చివారు 1652లో దానిని నెలకొల్పిరి. బందరునుండి పోయిన డచ్చి ఓడలకును అది మజిలీ. నాలుగువందల ఏండ్ల క్రిందట ఎవరి ఓడల కొఱకో మన తీరము ఎదురుచూచినది. నేడు మన ఆడపడుచులే తెరచాప ఎత్తి ఆ రేవునకు పోయివచ్చిరి.

ఇక నాటి బాలుని ప్రశ్నకు జవాబు చెప్పెదను. నాయనా! ఓడలు బురదలో నిలువలేదు. తీరమునకు దూరమున, లోతునీటిలో నిలిచినవి. అయితే వాటిని అంతదూరము లాగి తెచ్చినది నీరు కాదు. గాలి తెచ్చినది, నేతగాని మగ్గము పిలిచినది, ఒడ్డువాని మాట నిలిపినది. ఈ మూడింటిలో గాలి దైవము చేతిలోనిది. నేర్పు, మాట మన చేతిలోనివి. అవి యున్నన్నాళ్లు బురదనేలయును మహాపట్టణమైనది. అవి సడలినపుడు పట్టణమును మరల బురద కప్పినది.

మీరెపుడైన బందరు పోయినచో, కోట గోడలను మాత్రమే చూచి తిరిగి రాకుడు. తూర్పుదిక్కున సముద్రము వైపు కొంతసేపు చూడుడు. ఆ దూరమున లంగరు వేసి, గుర్తెఱుగని ఒడ్డునుండి ఎట్టి మనుష్యులు వత్తురో యని ఎదురుచూచిన నావికుని తలచుకొనుడు. మన యింటికి, మన యూరికి, మన దేశమునకు వచ్చు ప్రతి క్రొత్తవాడును అట్టి నావికుడే. అతనికి మన మిచ్చు మాటయే మన రేవు.